హెబుల్ బాణీ పలకల గురించి జాబెజ్ హోల్‌రాయిడ్ చివరి మాట

లండన్ నగరం సోహోలో, గ్రీక్ స్ట్రీట్‌లో కాపురముంటూ, ఆ ఇంటి కింది అంతస్తులోనే పాటల స్వరలిపి అచ్చువేసి అమ్ముకొంటున్న జాబెజ్ హోల్‌రాయిడ్ అను నేను, యార్క్‌షైర్‌లో హాలిఫాక్స్ దాపున నేతగాళ్ల ఇంట పుట్టినవాణ్ణి, ఒకరి బలవంతం గాని బుజ్జగింపు గాని లేకుండా, నా చేతి రాతతో రాసుకుంటున్న మరణశాసనం ఇది. తుంటి విరిగి కుంటివాణ్ణయ్యాను. దగ్గు వదలడం లేదు. వచ్చే వేసవి నేను చూడనని వైద్యుడి మొహమే చెబుతోంది. బుర్ర మాత్రం నిక్షేపంగా ఉంది. నాకు ఎవరు ఏం చేశారో, ఏ మాట అన్నారో, అంటూ ఎలా నవ్వారో అన్నీ గుర్తున్నాయి. స్థిరబుద్ధికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. ఇదివరకు రాసిన వీలునామాలు ఇందుమూలంగా రద్దు.

ఇందులో అసలు సంగతి ఒక్కటే. మా దుకాణంలో పాటలు చెక్కిన తగరపు పలకలు ఉన్నాయి. పలక ఎవరిదైతే పాట అచ్చువేసే హక్కు వాళ్లది. నా తర్వాత అవి నా కూతురు కెజాయా చేతికి వెళ్తాయా, మా అన్న కొడుకు డాక్టర్ లాంబర్ట్ హోల్‌రాయిడ్ చేతికి వెళ్తాయా అన్నది తేలాలి. తక్కినదంతా చిల్లర.

1. ఈ వీలునామా అమలుకు నా లాయరు మిస్టర్ సగ్డెన్‌ను నియమిస్తున్నాను. ఆయనకు ఫీజు తప్ప ఇంకేమీ రాయలేదు. ఆయన నన్ను నిన్న బతిమాలాడు. "హోల్‌రాయిడ్ గారూ, ఎవరికి ఏది అన్నంతవరకే రాయండి. తిట్లు రాస్తే జనం నవ్వుతారండీ" అన్నాడు. నవ్వనివ్వండి. బతికుండగా నా మాట ఎవరూ చెవిన వేసుకోలేదు. ఇప్పుడైతే ఆస్తి కోసమైనా చివరిదాకా కూచుని వింటారు. మేడమీది గదిలో అందరినీ కూర్చోబెట్టి, ఒక్క తిట్టు కూడా మింగెయ్యకుండా సగ్డెన్ దీన్ని పైకి చదవాలి. లాంబర్ట్‌కు చేతుల కుర్చీ వెయ్యాలి. నిలబడి వినదగ్గది కాదు.

2. నన్ను మా ఊరి చాపెల్ దొడ్లో, అంటే దొరల చర్చి నుంచి విడిపోయినవాళ్ల ప్రార్థనా మందిరం దొడ్లో, నా భార్య టేమర్ పక్కన పాతిపెట్టాలి. ఆర్గన్ వాయించరాదు. మా వాళ్లు గొంతులతోనే పాడాలి. నల్ల రిబ్బన్లు, ఈకలు కట్టిన గుర్రాలు, అద్దెకు తెచ్చిన ఏడుపు మొహాలు ఏవీ వద్దు. వచ్చినవాళ్లకు పంది హామూ ఓట్స్ రొట్టే పెట్టండి, బీరు తగినంత పొయ్యండి. మా వాళ్లు పస్తులతో సరిగ్గా పాడరు.

3. గోడ అవతల పళ్లు పీకే మిస్టర్ స్పర్లింగ్‌కు నా తాళయంత్రం ఇస్తున్నాను, అదే, టిక్కు టిక్కుమంటూ లయ చూపించే పెట్టె. నేను సాయంత్రం చెల్లో వాయించినప్పుడల్లా ఆయన గోడ మీద గుద్దేవాడు. గుద్దడం ఆయన హక్కు కావచ్చు. కాని ఇన్నేళ్లలో ఒక్కసారైనా తాళం తప్పకుండా గుద్దలేకపోయాడు. ఇకనైనా నేర్చుకోవాలని కోరుతున్నాను.

4. సిన్యోర్ పుడోచ్చి అనే పేరుతో కచేరీల్లో పాడే మహానుభావుడికి నా శ్రుతిపీక ఇస్తున్నాను. ఇతను నార్ఫోక్‌లో బాతులు పెంచేవాళ్ల అబ్బాయి, పేరు టామ్ పడ్డక్. ఇటలీ పేరైతే టికెట్లు తెగుతాయని పేరుకు తోక తగిలించుకున్నాడు. తోక తగిలించినా గొంతు శ్రుతికి ఇంత కిందే ఉంటుంది. శ్రుతిపీక ఊది, స్వరం ఎక్కడుందో చూసుకొని, ఆ తర్వాత నోరు తెరవాలి. ఈ మనిషి వల్ల నాకు ఒక మేలు జరిగింది. తెలిసి చేసింది కాదు గనక కృతజ్ఞత చెప్పను. ఆ సంగతి కిందికి వస్తుంది.

5. నా బసూన్ మా ఊరి చాపెల్‌కు. కుర్రవాణ్ణిగా ఉన్నప్పుడు నేను దీన్ని చాపెల్‌లో కాదు, చర్చిలో, పైన అటక మీద మా నాన్న ఫిడేలు పక్కన కూచుని వాయించేవాణ్ణి. కొత్తగా వచ్చిన చర్చి గురువు గారికి మా వాయింపు మోటుగా ఉందట. పిడి తిప్పితే పాడే మర ఆర్గన్ తెప్పించి మమ్మల్ని మెట్లు దిగిపొమ్మన్నాడు. "మీరు భక్తులే నాయనా, కాని చెవులకు కష్టం" అన్నాడు. ఆ మర ఒక ఆదివారం ఆగకుండా పాట మీద పాట పాడుతుంటే నలుగురు మోసుకెళ్లి సమాధుల మధ్య పెట్టి రావలసి వచ్చింది. ఆ రోజు నవ్విన నవ్వు ఇప్పటికీ నాకు మందులా పనిచేస్తుంది. ఇప్పటి గురువు గారు బసూన్ చూడాలని ఉందంటే చాపెల్ వాళ్లు చూపించవచ్చు. తాకనివ్వకూడదు.

6. మా ఇంటి మనిషి డోర్కస్ అట్లీకి నా ఈకల పరుపు, చేతుల కుర్చీ, గోడ గడియారం, వంటింట్లోని సరంజామా అంతా. కుర్చీని మాత్రం వీలునామా చదవడం అయ్యాక తీసుకోవాలి, లాంబర్ట్ లేచాక. డోర్కస్ నన్ను తిట్టినంతగా ఈ లండన్‌లో ఎవరూ తిట్టలేదు, నా కోసం ఏడ్చినంతగా కూడా ఎవరూ ఏడవలేదు. నేను లేచి నడవలేని రోజుల్లో నన్ను పసిబిడ్డలా చూసుకుంది. ఆమెకు ఇంకా ఇవ్వాలని ఉంది, ఉన్నది ఇంతే.

7. ఇక టేమర్ గురించి.

పదేళ్ల పిల్ల అయినప్పటి నుంచి ఉన్ని మిల్లులో దారం ముడేసిన మనిషి. స్వరలిపి నేను నేర్పాను. మిగతాదంతా ఆమెదే. ఆమె కట్టిన స్తోత్రగీతాల బాణీల్లో ఒకదానికి మా ఊరి వాగు పేరే పెట్టింది, 'హెబుల్' అని. మా పక్క బాణీలకు ఊళ్ల పేర్లు, వాగుల పేర్లు పెట్టడం ఆచారం.

హెబుల్‌లో రెండు చోట్ల పై గొంతు, కింది గొంతు పంచమం ఎడంలో నిలబడి, ఆ ఎడం చెడకుండా జంటగా కిందికి దిగుతాయి. సంగీత పాఠశాలల్లో ఇది నిషిద్ధం. పిల్లలు ఇలా రాస్తే పంతుళ్లు ఎర్రసిరా గీత గీస్తారు. నేనూ సంగీతశాస్త్ర పుస్తకం చూపించి ఆమెకు చెప్పాను. ఆమె కుట్టుపని మీంచి తల కూడా ఎత్తలేదు. "ఆ పుస్తకం రాసినాయన ఎప్పుడైనా మా కొండ దిగాడా? మేం దిగాం. చాపెల్ అయ్యాక ఆడవాళ్లం రెండు వరసలుగా ఇట్టాగే పాడుకుంటా దిగేవాళ్లం. అట్టా ఉండనియ్యవయ్యా" అంది.

ఉండనిచ్చాను. మా వైపు చాపెళ్లలో ఆ రెండు చోట్లకు వచ్చేసరికి మిల్లులో రోజంతా అరిచి గొంతు పోయిన ఆడవాళ్లు కూడా తలలెత్తి పాడతారు. నాకు ఒళ్లు గగుర్పొడిచేది. ఆ పలక చెక్కింది కెజాయా. అమ్మ పక్కన కూచుని హమ్ చేస్తుంటే కూతురు స్వరం వెంట స్వరం కొట్టింది. పలక పైన 'టేమర్ హోల్‌రాయిడ్' అని అమ్మ పేరు చెక్కింది. ఆ ఏడే టేమర్ పోయింది.

8. లాంబర్ట్ చేసినది. ఇది సగ్డెన్ నిదానంగా చదవాలి.

నేను మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకొని మంచం పట్టినప్పుడు, లాంబర్ట్ కెతీడ్రల్‌లో ఆర్గన్ వాయించే ఉద్యోగం వదిలి, సంగీతంలో డాక్టరు పట్టా చంకలో పెట్టుకొని వచ్చాడు. "బాబాయ్, నువ్వు హాయిగా పడుకో. దుకాణం సంగతి నాకొదిలెయ్" అన్నాడు. అధికారపత్రం రాసిచ్చాను. మా అన్న కొడుకు, ఇంకెవరికి ఇస్తాను?

వాడు మొదట చేసిన పని హెబుల్ పలక తీయించి కెజాయా ముందు పెట్టడం. "చెల్లాయ్, ఇక్కడ రెండు తప్పులున్నాయి. బాబాయే దిద్దించమన్నాడు. తెలిసినవాళ్లు చూస్తే దుకాణం పరువు పోతుందట" అన్నాడు. తగరపు పలక మీద తప్పు దిద్దాలంటే పలకను బోర్లించి వెనక నుంచి సుత్తితో కొట్టాలి. పడిన గుంట పైకి లేస్తుంది. దాన్ని నున్నగా రుద్ది, ఉక్కు మేకుతో కొత్త స్వరం కొట్టాలి. నా కూతురు తన తల్లి స్వరాలను అలా వెనక నుంచి తన చేత్తో కొట్టి చెరిపింది. నా ఆజ్ఞ అనుకొని చెరిపింది.

తర్వాత పేరు. "అమ్మ పేరు కూడా నాన్నే తీసెయ్యమన్నాడా అన్నయ్యా?" అని అడిగిందట. "ఆడవాళ్ల పేరుంటే పెద్ద చర్చిలవాళ్లు కొనరమ్మా. బాబాయికి ఆ మాత్రం తెలీదా?" అన్నాడట. టేమర్ పేరు పోయి డాక్టర్ లాంబర్ట్ హోల్‌రాయిడ్ అని పడింది. హెబుల్ పేరు పోయి 'సెయింట్ లాంబర్ట్' అని పడింది. పోప్ గారిని అడక్కుండానే తనను తాను పునీతుణ్ణి చేసుకొన్నవాడు మా వంశంలో వీడొక్కడే.

నాకు ఇవేవీ తెలియవు. తెలిసిందల్లా కెజాయా నాతో మాట్లాడటం మానేసిందని. గంజి గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టి మొహం చూడకుండా వెళ్లేది. మంచాన పడ్డ ముసలాడితో విసుగెత్తిందనుకొని నేను పళ్లు నూరుకొన్నాను. ఒకే ఇంట్లో, ఒకే దుఃఖంతో, ఒకరినొకరు ద్వేషించుకొంటూ చలికాలమంతా గడిపాం. లాంబర్ట్, మిగతావన్నీ ఒక ఎత్తు, ఆ చలికాలం ఒక ఎత్తు. దాన్ని నేను క్షమించను. పైలోకంలో క్షమించమని ఆజ్ఞ అయినా కొంత గడువు అడుగుతాను.

ఆఖరికి సిన్యోర్ పుడోచ్చి నన్ను పలకరించడానికి వచ్చాడు. "వినండి హోల్‌రాయిడ్ గారూ, మీ లాంబర్ట్ ఎంత గొప్ప బాణీ కట్టాడో! ఊరంతా ఇదే పాట" అని నా మంచం పక్కనే ఎత్తుకున్నాడు. శ్రుతి లేకపోయినా హెబుల్‌ను నేను పోల్చుకోలేనా? ఆ రెండు చోట్లా బాణీ కుంటింది. కుంటడం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. కెజాయాను కేకేసి పలక తెప్పించాను. దుప్పటి మీద బోర్లించి వెనక చెయ్యి పెట్టి తడిమితే సుత్తి దెబ్బలు వేళ్లకు తగిలాయి. "ఎవరు చేశారమ్మా ఇది?" అన్నాను. "నువ్వు చెయ్యమన్నావు కదా నాన్నా" అంది. ఆ తర్వాత ఇద్దరం ఏమన్నామో రాయను. అది మా ఇద్దరిదీ.

9. లేచి కూచున్నాక అధికారపత్రం రద్దు చేసి (అన్న మొహం చూసి లాంబర్ట్‌ను దుకాణంలోంచి మాత్రం గెంటలేదు), కొత్త పలక చెక్కించి, టేమర్ పేరుతో హెబుల్ మళ్లీ అచ్చువేశాను. ఫలితం వినండి. డాక్టరు పట్టా ఉన్నవాడి బాణీని, పట్టా లేని నేను, చచ్చిపోయిన పెళ్లానికి అంటగడుతున్నానన్నారు. పైగా ఆ రెండు చోట్లా తప్పులు కూడా చేర్చానన్నారు! ఒక చర్చి గురువు గారు దుకాణంలోకి వచ్చి, కొనేవాళ్ల ముందు నా భుజం తట్టి, "దుఃఖం మనిషిచేత ఎన్ని పనులు చేయిస్తుందో పాపం" అని జాలిపడ్డాడు. పక్కనే ఉన్న లాంబర్ట్ తల వంచుకొని, "మా బాబాయిని ఏమీ అనకండి సార్. పెద్దాయన" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

దొంగ అచ్చులు రాకుండా స్వరకర్త ప్రతి కాపీ మీదా స్వయంగా సంతకం పెట్టడం మా వ్యాపారంలో ఆచారం. లాంబర్ట్ పని చేసుకొనే చోటు దుకాణం కిటికీ. వీధిలో పోయే దొరసానులకు కనిపించేలా కూచుని, అప్పటికే అచ్చయి ఉన్న 'సెయింట్ లాంబర్ట్' కాపీల మీద పట్టాతో సహా బారెడు సంతకం గిలుకుతాడు. సంతకం పెట్టమని అడిగితే చాలు, దేని మీద అని కూడా చూడడు. మాంసం కొట్టువాడి చీటీ మీద కూడా 'స్వరకర్త' అని రాశాడు.

10. లాంబర్ట్‌కు ఇస్తున్నది.

మా అన్న ఏమస్ బంగారం లాంటి మనిషి. ఈ కొడుకు అతని కడుపున ఎలా పుట్టాడో దేవుడే చెప్పాలి. మా నాన్న వదిలిన నేతషెడ్డులో తన వాటా వదులుకొని నాకు మొదటి అచ్చుయంత్రం కొనిపెట్టింది అతనే. ప్రాణం పోయే ముందు నా చెయ్యి తీసుకెళ్లి బైబిల్ మీద పెట్టాడు. "జాబెజ్, నీ తర్వాత పలకలన్నీ మావాడికే అని వీలునామాలో రాస్తానను" అన్నాడు. "రాస్తాను అన్నయ్యా" అన్నాను. అప్పటికి వీడు ఇంకా పునీతుడు కాలేదు.

మేం చాపెల్ మనుషులం. బైబిల్ మీద చెయ్యి వేసి అన్నమాట తప్పితే నేను అన్నకు మొహం చూపించలేను. కాబట్టి అక్షరం తగ్గించకుండా రాస్తున్నాను: నా దుకాణంలోని తగరపు పలకలన్నిటినీ, హెబుల్ పలకతో సహా, వాటిని అచ్చువేసుకొనే సర్వహక్కులతోనూ నా అన్న కుమారుడు డాక్టర్ లాంబర్ట్ హోల్‌రాయిడ్‌కు ఇస్తున్నాను.

ఇవి వాడి చేతికి వెళ్తే ఏమవుతుందో నాకు తెలుసు. "పాత తగరం కరిగించి, రాతి మీద అచ్చువేసే కొత్త సామాను కొందాం బాబాయ్. చెల్లాయ్‌కి ఇంకా ఈ సుత్తిదెబ్బలెందుకు? ఏ పిల్లలకో పియానో పాఠాలు చెప్పుకుంటుంది" అని నా మొహం మీదే అన్నాడు. హెబుల్ కరిగిపోతుంది. సెయింట్ లాంబర్ట్ మిగులుతుంది. ముప్పై దాటిన నా కూతురు పరాయి ఇళ్ల వెంట తిరుగుతుంది. అయినా రాశాను.

11. ఈ ఇంటి లీజు, దుకాణం, అచ్చుయంత్రం, ఉక్కు మేకులు, సుత్తులు, నా చెల్లో, పైన చెప్పనివన్నీ నా కూతురు కెజాయాకు. ఈ వీలునామాలో ఏ దానమైనా చట్టరీత్యా చెల్లకపోతే అది కూడా ఆమెకే చెందాలి. సగ్డెన్ ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలి. ఇవన్నీ ఆమె సొంత అనుభవానికి మాత్రమే. ఆమె పెళ్లి చేసుకొంటే ఆ భర్త అనేవాడు, వాడెవడైనా సరే, వీటిమీద చెయ్యి వెయ్యరాదు. వాణ్ణి నేను చూడలేదు. చూడకుండానే నాకు నచ్చలేదు.

కెజాయా, చేతులు నల్లబడ్డాయని బయటికి వెళ్లేటప్పుడు గ్లవ్స్ తొడుక్కుంటావు. తొడుక్కోకు. మీ అమ్మ పాట ఆ చేతుల్లోంచే అచ్చయింది.

12. ఆఖరిది, సాక్షుల సంగతి. లాంబర్ట్, ఇది నీకోసం. కుర్చీలోంచి లేవకు.

మన రాణిగారి ఏలుబడి మొదటి ఏడాదిలో వచ్చిన చట్టం ఒకటుంది. వీలునామాకు సాక్షి సంతకం పెట్టినవాడికి ఆ వీలునామాలో ఏది రాసినా చెల్లదు. వీలునామా చెల్లుతుంది, మిగతావాళ్ల వాటాలు చెల్లుతాయి, వాడి వాటా ఒక్కటే పోతుంది. సాక్షి లోపలి రాత చదవనక్కర్లేదు. నేను సంతకం పెట్టడం కళ్లతో చూసి కింద తన సంతకం పెడితే చాలు. సగ్డెన్‌ను గుచ్చి గుచ్చి అడిగి తెలుసుకొన్నాను. డోర్కస్‌ను అందుకే సాక్షిగా పిలవలేదు. అలిగి కూచుంది.

పలకలన్నీ నీకే అని రాస్తానని అన్నకు మాటిచ్చాను, రాశాను. సాక్షి ఎవరని అన్న అడగలేదు.

రేపు శనివారం. ఎప్పటిలాగే నువ్వు జెల్లీ గిన్నె పట్టుకొని వస్తావు. "బాబాయ్, ఒంట్లో ఎలా ఉంది?" అంటూ నేను ఇంకా ఎన్నాళ్లుంటానో లెక్కేస్తావు. రొట్టెల దుకాణం గోస్‌పోర్ట్ కూడా ఆ వేళకు ఇక్కడే ఉంటాడు. కాగితం మడిచి, సంతకాల చోటు మాత్రం చూపించి, "ఒక సాక్షి కావాలిరా నాయనా, నీకు శ్రమ లేకపోతే" అంటాను. వద్దనే అవకాశం నీకు ఉంది. ఏం కాగితమని అడిగే అవకాశం ఉంది. అడిగావా, నిజమే చెబుతాను, పలకలన్నీ నీవే అవుతాయి. నేను ఓడిపోయినట్టు. నీ మీద నాకున్న నమ్మకమల్లా నువ్వు అడగవని.

క్రీస్తు శకం 1857, మార్చి నెల 14వ తేదీ శనివారం, గ్రీక్ స్ట్రీట్‌లోని నా ఇంట, ఇద్దరు సాక్షుల కళ్లెదుట నా చేత్తో చేసిన సంతకం:

జాబెజ్ హోల్‌రాయిడ్

పై ఆయన మా ఇద్దరి ఎదుట సంతకం చేయగా చూసి, ఆయన ఎదుటే, ఒకరి ఎదుట ఒకరం చేసిన సాక్షి సంతకాలు:

విలియం గోస్‌పోర్ట్, రొట్టెల దుకాణం, గ్రీక్ స్ట్రీట్

లాంబర్ట్ హోల్‌రాయిడ్, సంగీతంలో డాక్టరు, 'సెయింట్ లాంబర్ట్' స్వరకర్త